బంతిపూల దోవ

“మధ్యలో తెగకూడదు మ్మా. వీధిలో నించి గడప దాకా ఒకటే వరసగా రావాల,” అంది రాజశ్రీ, గంపలోని బంతిపూల రెక్కలు తుంచి వాకిట్లో పోస్తూ.

వసంతమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. కళ్ళాపి చల్లిన నేల మీద ఆ పచ్చటి చార మెల్లగా ఇంటివైపు పాకి వస్తున్నట్టుంది. 

“లూపే వాళ్ళ ఊళ్ళో పండగంటే ఇట్లాగే చేస్తారా?”

“ఇట్లాగే. ఇంటికొచ్చేవాళ్ళకి దోవ తెలియాల గదా. ఈ రంగు, ఈ వాసన పట్టుకోని వచ్చేస్తారంట.”

లూపే మెక్సికో పిల్ల. ఏర్పేడు దగ్గర కాలేజీలో రాజశ్రీతో కలిసి చదివింది. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. మొదటిసారి చంద్రగిరి పక్కనున్న ఈ పల్లెకి వచ్చినప్పుడు, రాజశ్రీ వాళ్ళ నాయన వరదయ్య బంతితోట చూసి గట్టు మీదే కూలబడి ఏడ్చేసింది. ఏమైందో తెలియక ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు. “ఇవి మా అవ్వ పూలు” అంటోందని రాజశ్రీ చెప్పాకగానీ ఎవరికీ ఊపిరి ఆడలేదు.

అప్పటినుంచి సెలవు దొరికితే ఆ పిల్ల ఇక్కడే. రాజశ్రీని చూసి తనూ వరదయ్యని ‘నాయనా’ అని పిలవడం నేర్చుకుంది. సంగటి ముద్ద చెనిక్కాయల పచ్చడి ఊరిబిండిలో అద్దుకుని తింటూ, “కారం చాలదమ్మా” అనేది. అన్నది చాలక పచ్చిమిరపకాయ ఒకటి కొరికి చూపించేది.

“ఇది మన బిడ్డేలే. దోవ తప్పి యాడనో పుట్టింది,” అనేది వసంతమ్మ.

ఈరోజు రోట్లో మిరపకాయలు ఇంకో గుప్పెడు ఎక్కువే వేసింది.

తోటనుంచి వచ్చిన వరదయ్య వాకిట్లోనే ఆగిపోయాడు.

“ఏమ్మే, మార్కెట్టుకి పోవాల్సిన పూలు నేలపాలు చేస్తాండారే?”

“లూపే వస్తాది గదా,” అంది వసంతమ్మ లోపలినుంచి.

వరదయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. “మీకేమన్నా పిచ్చి పట్టిందా? అంత దూరం నించి యాడొస్తాది?”

“వస్తానని నాకు మాటిచ్చింది నాయనా. యాడుండినా ఈ పండగకి మనింటికి వస్తానని.” అంది రాజశ్రీ.

“కన్నతల్లి ఆడుంటే, ఈడికెందుకు వస్తాది?”

వసంతమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. పొద్దుటినుంచి ఆమె గుండెల్లో మెదులుతున్న మాట కూడా అదే.

అంతలో ఫోన్ మోగితే రాజశ్రీ దాన్ని లోపలికి, అమ్మ దగ్గరికి తెచ్చింది. వీడియోలో లూపే వాళ్ళమ్మ రోసా. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. ఆమె వెనకాల గదినిండా ఇవే పూలు, ఇదే రంగు. కళ్ళు చూస్తే రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

“లూపేని మనం పిలిస్తే ఆమెకి కోపమేమో, అడుగుమే,” అంది వసంతమ్మ.

రాజశ్రీ లూపే దగ్గర నేర్చుకున్న కొద్దిపాటి స్పానిష్‌లో అడిగింది. రోసా చాలాసేపు మాట్లాడింది. రాజశ్రీ ఆ మాటలు తెలుగులో చెప్పింది.

“మనకే గదా ముందు పొద్దు గూకేది. అందుకని ముందు మనింటికే వస్తాదంట మ్మా. కడుపునిండా పెట్టి, ఆమె కాడికి పంపించమంటా ఉండాది.”

వసంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పంపిస్తా అక్కా. పస్తు మాత్రం పంపను,” అంది తెలుగులోనే. అర్థమైనట్టే రోసా తలూపింది.

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న వరదయ్య, మిగిలిన పూలగంప ఎత్తుకుని బయటికి నడిచాడు.

“యాడికయ్యా?”

“గేటు కాడ మొదలుపెడితే దానికెట్ల తెలుస్తాది? ఎప్పుడొచ్చినా పాలకేంద్రం కాడ తప్పు సందులోకే గదా పోయేది. ఆ మలుపు నించి పోసుకొస్తా.”

వసంతమ్మ గేటు దాకా వచ్చి చూసింది. తుండు నడుముకి చుట్టుకుని, వంగి, రెక్కలు పోసుకుంటూ వస్తున్నాడు మొగుడు. ఎదురింటి మునిరామయ్య బండి ఆపాడు.

“ఏం వరదన్నా, ఎవరొస్తాండారు?”

“మా లూపే.”

మునిరామయ్య వరదయ్య ముఖం చూశాడు. బండి అక్కడే నిలిపి, చెప్పులు విడిచి చేతపట్టుకుని, పూలు తొక్కకుండా గోడవారగా ఇంటికి నడిచిపోయాడు.

పొద్దు గూకింది. కొండ నల్లబడింది. వసంతమ్మ గడపలో దీపం పెట్టింది. వసారాలో స్తంభం పక్కన, లూపే ఎప్పుడూ కూర్చునే చోట రాజశ్రీ ఆకు వేసి, గ్లాసుతో నీళ్ళు పెట్టింది. ముగ్గురూ వీధివైపే చూస్తూ కూర్చున్నారు.

“రాదేమో మ్మా,” అంది రాజశ్రీ ఉండబట్టలేక.

“నోరు ముయ్. వస్తాది.”

మలుపు వైపునుంచి చల్లగాలి వచ్చింది. బంతిపూల వాసన గుప్పుమంది. ఎవరొచ్చినా మొరిగే కుక్క మొరగలేదు. లేచి, తోక ఊపుతూ వాకిట్లోకి పోయింది. గేటు కిర్రుమంది.

వరదయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు.

“దా బిడ్డా,” అన్నాడు. “ఈసారి దోవ తప్పలేదే!”

వసంతమ్మ ఆకులో సంగటి పెట్టి, పక్కన ఊరిబిండి వడ్డించింది.

పోయినవాళ్ళు ఇళ్ళకి తిరిగొచ్చే ఆ పండగ, లూపే చనిపోయాక రావడం అదే మొదలు.