పక్క సీటాయన

“కొంచెం మోచెయ్యి తీస్తారా?” అన్నారు హెడ్మాస్టరు గారు.

పక్క సీటాయన తీశాడు. తీసిన చేతిని ఊరికే ఉంచకుండా మణికట్టు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత వేళ్ల మెటికలు ఒక్కొక్కటే టకటకా విరవడం మొదలుపెట్టాడు.

హెడ్మాస్టరు గారికి ఒళ్లు మండింది. బావమరిది పాసులిచ్చాడు కాబట్టి వచ్చారు గానీ, ఆయన డాన్సులు చూసే మనిషి కాదు. అదీ మామూలు డాన్సు కాదు, గాల్లో పల్టీలు కొట్టే డాన్సట. భార్య మాత్రం ముందు వరస అనగానే మధ్యాహ్నం నుంచే తయారై కూర్చుంది.

లైట్లు ఆరాయి. తెర లేచింది.

వేదిక మీద ఆరేడుగురు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి, ఒకే పెద్ద జంతువులా నడిచారు. ఆ జంతువు ఉన్నట్టుండి విడిపోయి చక్రాల్లా దొర్లింది. ఒకడు నిట్టనిలువు గోడ మీద పరిగెత్తాడు. పసుపు బట్టల అమ్మాయి వాడి భుజం మీద కాలు మోపి పైకి లేచి, గాల్లోనే పల్టీ కొట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడింది.

“వీళ్లకి అసలు ఎముకలున్నాయంటారా?” అంది భార్య.

“ఎముకలున్నాయి. భయమే లేదు. మా స్కూల్లో ఇలా గోడలెక్కితే టీసీ ఇచ్చి పంపేస్తాను.”

ఆ అమ్మాయి వేదిక అంచుకు వచ్చింది.

పక్క సీటాయన సగం లేచి రెండు చేతులూ ముందుకు చాచాడు. ఆమె వెనక్కి వెళ్లాక కూర్చున్నాడు.

“కూర్చోవయ్యా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

“ఏమయ్యా, ఏమిటా చేతులు?” అన్నారు హెడ్మాస్టరు గారు.

“ఏమనుకోకండి సార్. అలవాటు.”

“అలవాట్లు ఇంట్లో పెట్టుకుని రావాలి.”

అమ్మాయి మళ్లీ అంచుకు వచ్చింది. ఆయన మళ్లీ లేచాడు. ఈసారి చెయ్యి తగిలి హెడ్మాస్టరు గారి కళ్లజోడు ఎగిరి ఒళ్లో పడింది.

“నువ్వు సీటు మారు. వెనక బోలెడు ఖాళీలున్నాయి.”

“నేను ఇక్కడే ఉండాలి సార్. పనిమీద వచ్చాను.”

“డాన్సు చూడ్డం కూడా ఒక పనేనా? ఏం పని?”

“ఇప్పుడు చెప్పకూడదండీ. ఆఖర్న మీకే తెలుస్తుంది.”

హెడ్మాస్టరు గారు భార్య వైపు వంగారు. “బ్యాగు గట్టిగా పట్టుకో. చీకట్లో చేతులాడిస్తున్నాడు, పనేమిటో చెప్పనంటున్నాడు. నాకర్థమైపోయింది.”

“ఏమర్థమైంది?”

“జేబుదొంగ.”

“ముందు వరసలో కూర్చునా?”

“బాగా చేయి తిరిగిన జేబుదొంగ.”

హెడ్మాస్టరు గారు చప్పట్లు చరిచి, సీట్లు చూపించే టార్చిలైటు మనిషిని పిలిచారు. అతను ఆ రోజే పనిలో చేరాడు. హెడ్మాస్టరు గారి గొంతు వినగానే, ఏ తరగతి గుర్తొచ్చిందో ఏమో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఈయన టికెట్టు చూడు.”

“నాకు టికెట్టుండదండీ” అన్నాడు పక్క సీటాయన.

“విన్నావా? టికెట్టు కూడా లేదు!”

“ఇంకొక్క డాన్సే ఉందయ్యా. అదైపోగానే నేనే వెళ్లిపోతాను. కావాలంటే మేనేజరు గారిని అడుగు.”

“మేనేజరు గారు బయటున్నారు. పద” అన్నాడు టార్చిలైటు మనిషి.

పక్క సీటాయన వేదిక వైపు చూశాడు. “సరే, ఆయన దగ్గరికే. త్వరగా రా!” అంటూ తనే ముందు పరుగు తీశాడు.

ఆయన గుమ్మం దాటడం ఆలస్యం, టార్చిలైటు మనిషి లోపలినుంచి గడియ పెట్టేశాడు.

“శభాష్!” అన్నారు హెడ్మాస్టరు గారు.

వేదిక మీద డప్పులు ఊపందుకున్నాయి. కాసేపటికి తలుపు కూడా దబదబలాడింది.

“డబ్బు పెట్టకుండా డప్పు కూడా వాయిస్తున్నాడు” అని నవ్వి, హెడ్మాస్టరు గారు మోచేతులు రెండూ హాయిగా చాపారు.

ఖాళీ అయిన సీటు వేదికకి సరిగ్గా నడిమధ్యన ఉంది. “ఇక్కణ్ణుంచైతే ఇంకా బాగా కనిపిస్తుంది” అంటూ భార్య అందులోకి మారింది.

పసుపు బట్టల అమ్మాయి కళ్లకు గంతలు కట్టారు. నలుగురు ఆమెను గిరగిరా తిప్పి, చేతుల మీదికెత్తి ఊపారు. ఒకసారి. మళ్లీ ఒకసారి.

“అటు కాదు, ఇటు విసిరేలా ఉన్నారండీ!” అంది భార్య.

విసిరారు.

ఆ అమ్మాయి రెండు చేతులూ పక్షిలా చాపుకుని, నవ్వుతూ, చీకట్లోకి ఎగిరి వచ్చింది. హాలంతా కెవ్వుమంది.

హెడ్మాస్టరు గారు కళ్లు మూసుకున్నారు. ఆయన భార్య మాత్రం, మంచం మీదనుంచి దూకే చంటిదాన్ని అందుకున్నట్టు, బ్యాగు వదిలేసి చేతులు చాచింది. ఆ అమ్మాయి వచ్చి ఆవిడ గుండెల మీద పడింది. ఆవిడ వెళ్లి ఆయన మీద పడింది. సీటు ఫెళ్లున విరిగి, ముగ్గురూ నేలమీద కుప్పగా తేలారు.

ఇదీ ఆటలో భాగమే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అడుగున ఉన్న హెడ్మాస్టరు గారు, నడుం పట్టేసి కదల్లేక, ఒక చెయ్యి మాత్రం బయటపెట్టి ఊపారు.

భార్య ఆ అమ్మాయిని ఇంకా వదల్లేదు. “దెబ్బ తగిలిందా తల్లీ?” అంటూ ఒళ్లంతా తడిమి చూస్తోంది.

“లేదు పిన్నిగారూ” అంటూ అమ్మాయి గంతలు విప్పుకుంది. ఆవిడ మొహం చూసింది. కింద నలుగుతున్న హెడ్మాస్టరు గారి మొహం చూసింది. అటూ ఇటూ వెతికింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

“రోజూ ఈ సీట్లో కూర్చుని నన్ను పట్టుకునేది మా నాన్న కదండీ... ఆయనేడీ?”