ఉన్నదున్నట్టు

"రేపటినుంచి మీరు రానక్కర్లేదమ్మా," అన్నాడు మేనేజరు, సబ్బుపెట్టెంత యంత్రాన్ని మీటింగు బల్ల నడుమ పెడుతూ.

ఆ గొడుగుల కంపెనీలో ఇరవైరెండేళ్ళుగా ఏ మీటింగు జరిగినా మాటలన్నీ రాసి, టైపు చేసి పెడుతున్న టైపిస్టమ్మ నోట్‌బుక్కు తెరవబోయి ఆగిపోయింది.

"ఎందుకని సార్?"

"ఇదిగో, ఇందుకని! ఎవరేం మాట్లాడినా విని, ఎవరి మాట వాళ్ళ పేరు మీద రాసేస్తుంది. మీటింగు ముగిసీ ముగియగానే అందరి ఫోన్లకూ పంపేస్తుంది. మీలాగ తుమ్మదు, దగ్గదు, 'ఏమన్నారు సార్, మళ్ళీ చెప్పండి' అనదు. పైగా, ఉన్నదున్నట్టు రాస్తుంది."

"నేను ఉన్నదున్నట్టు రాయననేగా సార్, ఇన్నాళ్ళూ మీరు మెచ్చుకున్నది?"

"అవన్నీ పాత పద్ధతులమ్మా. వెళ్ళి సామాను సర్దుకోండి."

ఆవిడ పెన్సిలు నోట్‌బుక్కులో పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి, చప్పుడు కాకుండా బయటికి నడిచింది. మేనేజరుకి మనసు చివుక్కుమంది. అయితే అది ఎక్కువసేపు నిలిచే మనసు కాదు.

మీటింగు మహా జోరుగా సాగింది. ఛైర్మన్, ఇద్దరు డైరెక్టర్లు, అకౌంటెంటు, మేనేజరు. యంత్రం మీద చిన్న పచ్చదీపం మిణుకుమిణుకుమంటుంటే ఐదుగురూ ఎన్నడూ లేనంత మర్యాదగా, పుస్తకం చూసి చదువుతున్నట్టు మాట్లాడారు. కాఫీ వేళకి ఛైర్మన్, డైరెక్టర్లు వరండాలోకి వెళ్ళారు. మేనేజరు అక్కడే కుర్చీలో వెనక్కి వాలి ఒళ్ళు విరుచుకున్నాడు. అకౌంటెంటుతో కాసేపు కష్టసుఖాలు చెప్పుకున్నాడు.

మీటింగు చివర్లో అకౌంటెంటుని వెంటబెట్టుకుని కిందికి వెళ్ళి కార్లు పిలిచి, అది ముగిశాక పెద్దలందరినీ ఎక్కించి, ఈల వేసుకుంటూ మెట్లెక్కి తన గదిలోకి వచ్చాడో లేదో, అకౌంటెంటు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మూడో పేజీ చూశారా?"

మేనేజరు తన ఫోను తీసి చూశాడు. యంత్రం మాట తప్పలేదు. కాఫీ వేళకి కూడా సెలవు తీసుకోకుండా పనిచేసింది.

"మేనేజరు: ఈ ముసలాయన చెప్పిందే చెప్పి చంపుతున్నాడయ్యా. గొడుగు తెరవమంటే కర్ర అనుకుని పట్టుకు నడిచే మనిషి, గొడుగుల కంపెనీకి ఛైర్మన్!

అకౌంటెంటు: నవ్వు.

మేనేజరు: ఆ డైరెక్టర్లిద్దరూ ఆయన తల ఊపితే ఊపుతారు. నిద్రపోతే నిద్రపోతారు.

అకౌంటెంటు: పెద్ద నవ్వు."

మేనేజరు ఫోను బల్ల మీద బోర్లా పడేశాడు.

"ఇది అందరికీ వెళ్ళిపోయిందా?"

"మీరే చెప్పారుగా సార్, ముగిసీ ముగియగానే అని. నా నవ్వు కూడా వెళ్ళిపోయింది," అన్నాడు అకౌంటెంటు ఏడుపు గొంతుతో.

మేనేజరు పరుగున టైపిస్టమ్మ గదికి వెళ్ళాడు. ఆవిడ సొరుగు ఖాళీ చేసి, కుర్చీలో వేసుకునే దిండుని సంచిలో కుక్కుతోంది.

"అమ్మా! తల్లీ! ఒక్క ఉత్తరం టైపు చేసి పెట్టండి."

"పెట్టెకి చెప్పండి సార్. తుమ్మదు కూడాను."

"వెటకారం తర్వాత చేద్దురుగాని. నా కొంప మునుగుతోందమ్మా!"

టైపిస్టమ్మ సంచి కింద పెట్టింది. విషయం విన్నాక నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. తర్వాత టైపు మిషను ముందు కూర్చుంది.

"ఏమని కొట్టమంటారు?"

"యంత్రం చెడిపోయింది. నోటికొచ్చింది రాసింది. అందులో ఉన్నవన్నీ అబద్ధాలని రాయండి."

"అన్నీ ఎందుకు సార్? మూడో పేజీ ఒక్కటే తప్పంటే సరిపోదూ?"

"ఇంకేమైనా ఉందా! చదవనివాడు కూడా పనిగట్టుకుని మూడో పేజీనే చదువుతాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తప్పే అని కొట్టండి. ఒక్క ముక్క కూడా నిజం కాదని నేను పూచీ పడుతున్నానని కొట్టండి."

"రేపు నేను రావాలా, అక్కర్లేదా?"

"రావాలి! రాకపోతే నేనే మీ ఇంటికొచ్చి తీసుకొస్తాను. అది కూడా కొట్టుకోండి."

టైపిస్టమ్మ అది కూడా కొట్టింది. యంత్రాన్ని వాపసు చేస్తున్నామనీ, ఇకమీదట మీటింగు సంగతులు ఎప్పటిలాగే టైపిస్టమ్మే రాస్తారనీ పొందికగా రెండు వాక్యాలు చేర్చింది. మేనేజరు చదవకుండానే సంతకం గీకాడు. ఫొటో తీసి ఐదు నిమిషాల్లో ఛైర్మన్‌కీ, డైరెక్టర్లకీ పంపేశాడు. ఆ పాడు పెట్టె దీపం ఆర్పి, అట్టపెట్టెలో పడేసి, పైన తాడు కూడా బిగించాడు. అప్పటికి గానీ ఊపిరాడలేదు.

పావుగంటలో ఛైర్మన్ ఫోను చేశాడు. మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడి ఎత్తాడు.

"మీ ఉత్తరం అందిందయ్యా. మూడో పేజీ చదివి చాలా బాధపడ్డాను."

"అబ్బే, మీ గురించి నేనలా అంటానా సార్! అదంతా యంత్రం కల్పన."

"అదే, మీ ఉత్తరం చూశాక ప్రాణం లేచొచ్చింది. మరి అందులో ఉన్నదంతా తప్పేనా? బాగా చూసే సంతకం పెట్టారా?"

"చివరి అక్షరం దాకా తప్పే సార్! ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్తాను."

"మంచిది. మీరు మాకు కార్లు పిలవడానికి కిందికి వెళ్ళినప్పుడు, మిమ్మల్ని వచ్చే నెల నుంచి డైరెక్టరుగా తీసుకోవాలని మేం ముగ్గురం తీర్మానించినట్టు చివరి పేజీలో ఉందయ్యా. అయితే అదీ తప్పేనన్నమాట!"