నూనె గుడ్డ

“ఇనుప చువ్వ వొద్దమ్మా, లోపల గీతలు పడతాయి. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, తూటా పెట్టే వైపు నుంచి దూర్చండి.”

తుపాకులు బాగుచేసే హుస్సేన్ సాహెబ్ చెప్పినట్టే ఆదిశేషమ్మ చేసింది.

“బాగా నేర్చుకోమే!” అని బయట బండి మీంచి అరిచాడు ఆమె భర్త పద్మనాభయ్య. “నా చేతులు వొణకతా ఉండాయి. సరిహద్దులో యుద్ధం జరగతా ఉంది, చైనావోడొస్తే తుపాకి సిద్ధంగా ఉండాల!”

“కడాన నూనె గుడ్డతో తుడవాలమ్మా. లేకుంటే మన మైపాడు ఉప్పుగాలికి వారంలో తుప్పు పట్టుద్ది.”

“తుప్పు పట్టి పేలకుండా పోవాలంటే ఎన్నాళ్లు పట్టుద్ది సాయిబూ?”

నలభై ఏళ్ల పనిలో సాహెబ్‌ను ఆ మాట ఎవరూ అడగలేదు.

ఆమె గొంతు తగ్గించింది. “తాగినప్పుడల్లా నా మీదే గురిపెడతాడు. పుట్టింటికి పోతే మా నాయన్ని కాలుస్తానంటాడు.”

సాహెబ్ బండి వైపు ఒకసారి చూశాడు. తుపాకిలోంచి చిన్న సీల ఊడదీసి, నూనె గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

“గొట్టాన్ని చెడగొట్టడానికి నాకు చేతులు రావు తల్లీ. ఇది లేకుంటే తూటా పేలదు. సముద్రంలో పారెయ్.”

పద్మనాభయ్య లోపలికొచ్చి, గొట్టంలోంచి వెలుతురులోకి చూశాడు.

“అద్దంలా ఉందే!”

తుపాకి బిగించి, అలవాటుగా భార్య గుండెకు గురిపెట్టి నవ్వాడు.

ఎప్పుడూ కళ్లు మూసుకునే ఆదిశేషమ్మ, ఈసారి పిడికిలి మూసుకుని అతన్నే చూస్తూ నిలబడింది.