సైదమ్మది వాతం, ఐలేశంది కఫం

“బాపు వస్తాండే అమ్మా, జర ఆగు! ఇద్దరికి కలిపే పేరు రాయించిన. ఒక్కదానివే లోపలికి పోకు” అని ఫోన్‌లో స్నేహలత మొత్తుకుంటోంది.

“మీ బాపు గొర్లెంబడి నడుసుకుంట వస్తాండేమో! అందరు ఒడిసిపోయిండ్రు. ఇంకెంతసేపు చూడాలె?”

సైదమ్మ ఫోన్ పెట్టేసి మళ్లీ గుమ్మం దాకా వెళ్లింది. కట్టంగూర్‌లో హైవే పక్కన కొత్తగా తెరిచిన ఆయుర్వేద దవాఖాన అది. షాద్‌నగర్ కంపెనీలో పనిచేసే కూతురు పట్టుబట్టి పంపితే వచ్చింది. వచ్చినప్పటి నుంచి కుర్చీలో కూర్చుంటే ఒట్టు.

కుదురు లేని మనిషి. పుట్టినప్పటి నుంచి సైదమ్మను అందరూ అన్న మాట అదే. అత్త అంది, ఆడబిడ్డ అంది, పంచాయతీలో పెద్దమనుషులు కూడా అన్నారు. ఆ గుణం మారడానికి మందు అడగాలనే ఈరోజు వచ్చింది. మందు దొరికితే తన దగ్గర మనుషులు నిలుస్తారు. దొరక్కపోతే ఈ జన్మకింతే.

ఐలేశం బండి వచ్చి ఆగింది. స్టాండు వేశాడు. తాళం తీశాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. సైదమ్మకు ఒళ్లు మండిపోయింది.

“వస్తివా? ఇంకో గంట ఆగి రాకపోతివి!”

“దారిల లారీలున్నయి.”

“ఎడ్లబండి గూడ నిన్ను దాటి పోతది!”

అతను నవ్వి జేబులోంచి పొట్లం తీశాడు. ఉడకబెట్టిన పల్లికాయ. “తినకుండనే వస్తవని తెలుసు.”

సైదమ్మ విసురుగా లాక్కుంది. కానీ రెండు కాయలు అక్కడే ఒలుచుకుని తింది.

డాక్టర్ మెర్సీకి ముప్పయ్యేళ్లుంటాయేమో. సైదమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది.

“అమ్మా, నీ నాడి పాములెక్క ఉరుకుతాంది.”

“అయ్యో, విషమెక్కిందా డాక్టరమ్మా?”

“విషం లేదు, గిషం లేదు” అని మెర్సీ నవ్వింది. “వాతం నడక గట్లనే ఉంటది. ఇగ ప్రశ్నలు. ఎవరి సంగతి వాళ్లకు తెల్వదు, పక్కనోళ్లకే తెలుస్తది. నీ గురించి మీ ఆయన చెప్పాలె. ఆయన గురించి నువ్వు చెప్పు.”

‘మీ ఆయన’ అన్న మాటకు సైదమ్మ చెంగు సర్దుకుంది. ఐలేశం గోడ మీది బొమ్మ చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“నిద్ర తక్కువ. గడియ పెట్టిందో లేదో అని రాత్రంత లేచి చూస్తది.”

“పెట్టకపోతే దొంగలు పడరా? ఈయననే ఎత్తుకపోయినా మెలకువ రాదు డాక్టరమ్మా!”

“తిండి?”

“పిట్ట తిండి. వంకాయ ముట్టదు. ఎండకాలం గూడ చేతులు సల్లగుంటయి. మాట మొదలువెడితే నకిరేకల్ దాక ఆపది.”

“మరి ఆయన సంగతి?”

“అన్నం ముందట కూసుంటే పొద్దుగూకుతది. కోపమే రాదు. నేనెంత మొత్తుకున్నా రాయిలెక్క కూసుంటడు. పోతున్న అంటే ‘సరే’ అంటడు. ఆగు అనే మాట ఆ నోట్లెకెళ్లి రాదు!”

మెర్సీ ఐలేశం చేయి పట్టుకుంది.

“హంస నడక. కఫం.”

“నాకు దగ్గు లేదు బిడ్డా.”

“దగ్గు కాదు బాపు, నీ తత్వం.”

సైదమ్మ ముందుకు వంగింది. “ఆయనది సరే, నాకు మందియ్యి. ఈ గుణం మారాలె.”

“మారదమ్మా.”

సైదమ్మ ముఖం పాలిపోయింది.

“పుట్టుకతోని వచ్చింది ఎట్ల మారుతది? నీలో గాలి ఎక్కువ. ఆయనలో నీళ్లు, మన్ను ఎక్కువ. గాలి కదలకుంటే అది గాలెట్లయితది? పెచ్చు పెరిగినప్పుడు సర్దుకోవాలె, అంతే. నువ్వు వేళకు వేడన్నం తిను, పండేముందు అరికాళ్లకు నువ్వుల నూనె రాయి. ఆయన ఊకుండుడు పట్టింపు లేక కాదు. కఫపోళ్లకు మాట ఆలస్యంగ వస్తది. ఇది రోగం కాదు, తప్పు కాదు.”

“ఏమన్నవ్? మళ్లొక్కసారి అను.”

“తప్పు కాదు.”

సైదమ్మ లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

“విన్నవా? నాది తప్పు కాదంట! నీది గూడ కాదంట!”

“విన్న.”

“మరి ఏమన్న అనరాదూ!”

ఐలేశం చాలాసేపు తువ్వాల అంచు నలిపాడు. మెర్సీ చీటీ రాయడం ఆపి చూసింది.

“ఆ దినం ఆగు అందామనే అనుకున్న” అన్నాడు. “మాట నోట్లెకు వచ్చేసరికి నువ్వు బస్సెక్కినవ్.”

నకిరేకల్ దాకా మాట ఆపని మనిషి డాక్టరమ్మకు దండం పెట్టి చప్పుడు చేయకుండా బయటికి వచ్చింది. అది వరండా దాకానే. అక్కడ ఫోన్ మోగింది.

“బిడ్డా, మీ బాపు మాట్లాడిండే! నిజమే, ఒట్టు! ఇంకోటి చెప్పనా, నాకేం రోగం లేదంట, ఉట్టి గాలేనంట! తర్వాత చెప్త, పెట్టెయ్యి!”

ఐలేశం అప్పటికే బండి మీద కూర్చుని ఉన్నాడు. జీవితంలో మొదటిసారి ఆమెకంటే ముందు తయారయ్యాడు. సైదమ్మ చెంగు నడుముకు దోపుకుని వెనక ఎక్కింది.

“జల్ది పోనియ్యి!”

“ఎటు?”

“మనింటికి.”

విడాకులయ్యాక ఇద్దరూ ఒకే బండెక్కడం అదే మొదటిసారి.