కోత పండుగ గంప

చర్చిలోని కొత్త మైక్‌సెట్టును గుమ్మడికాయల కింద దాచి ఎత్తుకుపోవాలన్నది బాలనర్సింహ పథకం.

ఎనిమిదేళ్ల కింద ఆ చర్చికి సెట్టు అమ్మింది అతనే. మొన్న అది పొగలు కక్కి చచ్చిపోయింది. దాంతో చర్చివాళ్లు అతని దుకాణం వైపు చూడకుండా అబిడ్స్ నుంచి మెకానిక్కును పిలిపించి హాల్లో, ఆదివారం బడిలో, తల్లుల గదిలో స్పీకర్లూ టీవీలూ పెట్టిస్తున్నారు. బాలనర్సింహకు కడుపు మండిపోయింది. పైగా ఆదివారం సాయంత్రమే బార్కస్‌లో పెళ్లికి మైకు ఒప్పుకున్నాడు. దుకాణంలో ఉన్న ఒక్క సెట్టూ మూలపడింది. మాట తప్పితే మళ్లీ పిలిచేవాడుండడు.

ఆ ఆదివారం కోత పండుగ. అందరూ గంపల్లో కాయా పండూ తెచ్చి దేవుడికిస్తారు, తర్వాత వాటిని వేలం వేస్తారు. గంపతో తిరిగేవాణ్ణి ఎవడడుగుతాడు? వెనక గదిలో కొత్త సెట్టు పెట్టె తాడు కట్టి ఉంది. ఇంకా విప్పనేలేదు, అదృష్టం! దాన్ని గంపలో దించి, పైన గుమ్మడికాయలూ బంతిపూలూ పేర్చి నెత్తికెత్తుకున్నాడు.

గుమ్మం దగ్గర సంఘపెద్ద పుష్పమ్మ అడ్డం నిలబడింది.

"ఏంది తమ్మీ, దేవునికి తెచ్చింది వాపస్ కొంచవోతున్నవ్? ఇటు తే!"

గంప వేలం బల్ల ఎక్కింది.

"బాలనర్సింహ గంప! పాట ఎంత?" పాస్టరుగారి గొంతు గదులన్నిటా మోగింది.

ఇరవై అన్నాడు బాలనర్సింహ. ఆర్టీసీ బుచ్చయ్య యాభై అన్నాడు. వంద, రెండొందలు దాటింది.

"నీ గంప నువ్వే కొంటున్నవంటే కాయల్ల ఏదో మహిమున్నదన్నా, నేనిడువ!" అన్నాడు బుచ్చయ్య.

చివరికి బాలనర్సింహ పెళ్లి ఉంగరం తీసి బల్ల మీద పెట్టాడు. హాలంతా హల్లెలూయా అంది. ఇంతటి భక్తుణ్ణి చూడలేదని పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు.

ఇంటికి రాగానే భార్య కళావతి నిలదీసింది. "తల్లుల అర్రల కూసొని టీవీల అంతా చూసిన. గుమ్మడికాయలకు ఉంగరమిస్తవా?"

"లొల్లి జెయ్యకు. కింద కొత్త సెట్టున్నది."

"సెట్టు నీ గంపల ఉంటే, నీ పాట మా అర్రల స్పీకర్ల ఎట్ల మోగింది?"

బాలనర్సింహ గబగబా తాడు తెంపాడు. పెట్టెలో, ఎనిమిదేళ్ల కింద చర్చికి తను అమ్మిన సెట్టు, ఇంకా కాలిన వాసన కొడుతూనే ఉంది.