మొక్క సాక్ష్యం

"టీవీ చూశారా, లేదా? ఒక్క మాటలో చెప్పండి."

బడిలో పాఠాలు చెప్పి అప్పుడే ఇంటికొచ్చిన పంతులమ్మ, చెప్పులైనా విడవకుండా మొగుణ్ణి నిలదీసింది. ప్రమోషన్ పరీక్షకని సెలవు పెట్టి ఇంట్లో చదువుకుంటున్న గుమస్తా పుస్తకంలోంచి తలెత్తాడు.

"చూడలేదు. పరీక్ష అయ్యేదాకా ముట్టుకోనని మాటిచ్చాగా."

"అయితే ఇలా రండి."

ముందుగదిలో కిటికీలకు మందపాటి పరదాలు. అత్తగారికి కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ వాటిని తీయడం లేదు. ఆవిడ నల్లకళ్లద్దాలు పెట్టుకుని సోఫాలో జపమాల తిప్పుకుంటోంది. మూలన స్టూలు మీద చిన్న కుండీ, అందులో చిక్కుడు మొక్క. చీకట్లో మొక్క ఎలా పెరుగుతుందో పిల్లలకు చూపించాలని పంతులమ్మే పది రోజుల కిందట అక్కడ పెట్టింది.

"చీకట్లో మొక్క పాలిపోయి, సన్నగా, నిటారుగా సాగాలి. ఇదేం చేస్తోంది?"

మొక్క టీవీ వైపు ఒళ్లంతా వంచి నిలబడి ఉంది.

"దానికీ క్రికెట్ పిచ్చేమో," అన్నాడు గుమస్తా.

"దానికి పిచ్చీ లేదు, పంతమూ లేదు. వెలుగు ఎటుంటే అటు వంగుతుంది. ఈ గదిలో అటువైపు వెలుగు ఎక్కడిదండీ?"

"నాకేం తెలుసు?"

"నాకు తెలుసు. మా తమ్ముడికి ఫోన్ చేస్తున్నా. రాత్రికల్లా టీవీ వాళ్లింటికి వెళ్లిపోతుంది."

"పరీక్ష మర్నాడే ఫైనల్ మ్యాచ్..." అనబోయి నాలుక్కరుచుకున్నాడు.

"ఆగమ్మాయ్," అంది అత్తగారు. "దేవుడి మీద ఒట్టు. వాడు టీవీ జోలికి రాలేదు."

పంతులమ్మ వేలు ఫోన్ మీద ఆగిపోయింది. అత్తగారు ఒట్టు వేయడం ఈ పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి. అబద్ధమన్నది ఆవిడ ఏనాడూ ఆడలేదు.

"వాడి గురక ఈ గదిదాకా వినబడుతుందమ్మా. నువ్వటు వెళ్లగానే పుస్తకం మొహాన కప్పుకుని పడుకుంటాడు. నువ్వొచ్చే వేళకి లేస్తాడు."

గుమస్తాకి తల్లి తనని కాపాడిందో పట్టిచ్చిందో అర్థం కాలేదు.

"చదివింది ఒంటబట్టాలంటే కాస్త కునుకు..."

"వెళ్లి చదవండి," అని ఫోన్ పక్కన పెట్టేసింది పంతులమ్మ. అతను బతుకుజీవుడా అని లోపలికి జారుకున్నాడు.

పంతులమ్మ కుండీ ముందు చతికిలపడి, మొక్కనీ టీవీనీ మార్చి మార్చి చూసింది. సైన్సు తప్పదు. అత్తగారి ఒట్టూ తప్పదు. మరి ఏది తప్పినట్టు?

వెనక జపమాల చప్పుడు ఆగింది. అత్తగారు లోపలి గది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, మధ్యాహ్నం రెండు సీరియళ్లకి కుండీని ఎంత తిప్పితే మొక్క వంగకుండా ఉంటుందంటావ్?"