కౌజు చెప్పిన అబద్ధం

అడవి అంచున గడ్డిపొదల్లో ఒక కౌజుపిట్ట ఉండేది. ఆ వేసవిలో దాని పిల్లలన్నిటినీ ఒక పిల్లి తినేసింది. ఆ పిల్లి తల్లిని ఎప్పుడో మనుషులే గోనెసంచిలో తెచ్చి అక్కడ వదిలిపోయారు.

ఒకరోజు మనుషులు మళ్ళీ వచ్చి మాంసం ముక్కలు చల్లారు. "పిల్లులు ఇవి తింటే చాలు, పీడ విరగడవుతుంది" అని వాళ్ళు అనుకోవడం పొదలోంచి కౌజు విన్నది. అందులో విషం ఉందని దానికి అర్థమైంది.

వాళ్ళు వెళ్ళాక పిల్లి వచ్చి ఒక ముక్కను వాసన చూసింది. కౌజు పొద మీదికి ఎగిరి, "తిను, మంచి మాంసమే. ఇందాక నక్క కూడా తిని హాయిగా వెళ్ళింది" అంది.

పిల్లి తలెత్తి దానివంక చూసింది.

"నీ పిల్లల్ని తిన్నదాన్ని నేను. నా ఆకలి మీద నీకెందుకింత జాలి?" అని, ముక్కను ముట్టకుండానే వెళ్ళిపోయింది.

కౌజు కసితో రగిలిపోతూ ఏటివైపు ఎగిరిపోయింది. మంచి మాంసమన్న మాట దూరం నుంచే విని, అప్పుడే వచ్చి పక్క చెట్టు కొమ్మ మీద వాలిన కాకిని అది చూడలేదు. పిల్లలు పోయిననాడు పక్కనే కూర్చుని దాన్ని ఓదార్చిన కాకి అది.

కౌజు తిరిగి వచ్చేసరికి కాకి నేలమీద పడి రెక్కలు కొట్టుకుంటోంది.

"మంచి మాంసమని నువ్వు అంటే విని తిన్నాను" అంది కాకి.

కౌజు దాని పక్కన వాలింది.

"పిల్లి కూడా తిన్నదా?" అని అడిగింది కాకి.

"లేదు. అది నా మాట నమ్మలేదు" అంది కౌజు.

కాకి రెక్కలు ఆగిపోయాయి.